రెండు సూర్యోదయాల దారి

ఈమధ్య ఏ రెండు విమానాశ్రయాల మధ్య దూరం అడిగినా ఫోను క్షణంలో చెప్పేస్తోంది. ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటలు. రెండు అంకెలూ పక్కపక్కనే కనబడేసరికి, మొదటిదాన్నుంచి రెండోది దానంతటదే పుట్టినట్టు అనిపిస్తుంది. కాకినాడలో హైస్కూలు పిల్లలకి చాలాకాలం భూగోళం చెప్పినదాన్ని కాబట్టి నాకిది పట్టింపు విషయం. దూరాన్ని భూమి నిర్ణయిస్తుంది. ప్రయాణకాలాన్ని మాత్రం ఇంజను, పెట్రోలు, గాలి, బరువు నిర్ణయిస్తాయి. ఒక్కోసారి యుద్ధం నిర్ణయిస్తుంది. ఈ సంగతి పిల్లలకి చెప్పడానికి నేను ఎప్పుడూ ఒకే దారిని ఎంచుకునేదాన్ని: శ్రీలంక దక్షిణ కొసన ఉన్న కొగ్గల సరస్సు నుంచి ఆస్ట్రేలియా పడమటి తీరంలో పెర్త్ నగరం పక్కన పారే స్వాన్ నది దాకా. 5,652 కిలోమీటర్లు.

గ్లోబు మీద కొగ్గల దగ్గర దారం ఒక కొస పెట్టి, రెండో కొసని పెర్త్ దాకా బిగించి లాగమనేదాన్ని. మా బడి గ్లోబు మీద ఆ దారం జానెడు కూడా వచ్చేది కాదు. "దారం కింద ఏమేం ఊళ్లున్నాయో చెప్పండిరా" అంటే, పిల్లలు వంగి చూసి, "ఏవీ లేవండి టీచర్ గారూ, అంతా నీళ్లేనండి" అనేవారు. నిజమే. కోకోస్ దీవులు మాత్రం దారానికి కాస్త ఉత్తరంగా చుక్కల్లా ఉంటాయి. మిగిలిందంతా హిందూ మహాసముద్రం. 1943 నుంచి 1945 వరకు ఆ నీళ్ల మీదుగా, దారిలో ఎక్కడా దిగకుండా, క్వాంటాస్ అనే ఆస్ట్రేలియా కంపెనీ విమానాలు నడిపింది. ఒక్కో ప్రయాణానికి 27 నుంచి 33 గంటలు పట్టేది. ఎక్కినవాళ్లు గాల్లో ఉండగానే రెండుసార్లు సూర్యోదయం చూసేవారు. అందుకే ఆ సర్వీసుకి డబుల్ సన్‌రైజ్ అనే పేరు నిలిచింది.

అసలు ఆ దారి ఎందుకు పుట్టిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1938 నుంచి సిడ్నీకీ ఇంగ్లండుకీ మధ్య ఎంపైర్ ఫ్లయింగ్ బోట్లు తిరిగేవి. నీటి మీద దిగి, నీటి మీద నుంచే లేచే పెద్ద విమానాలవి. సింగపూరు, కలకత్తా, అలహాబాదు, గ్వాలియరు, కరాచీల మీదుగా, మజిలీ మజిలీకీ దిగుతూ తొమ్మిది పది రోజుల్లో చేర్చేవి. రాత్రుళ్లు ప్రయాణికులు ఒడ్డున హోటళ్లలో పడుకునేవారు. ఆ దారిలో ఎక్కువ భాగం తీరాల వెంబడే. ఒక్కో గెంతు చిన్నది కాబట్టి మోసే పెట్రోలు తక్కువ, మనుషులకీ ఉత్తరాలకీ చోటు ఎక్కువ.

1942 ఫిబ్రవరిలో సింగపూరు జపాన్ వశమైంది. మార్చి 3న ఆస్ట్రేలియా వాయవ్య తీరంలోని బ్రూమ్ రేవు మీద జపాన్ విమానాలు పడి, జావా నుంచి పారిపోయి వచ్చిన జనంతో నిండి ఉన్న ఫ్లయింగ్ బోట్లని నీటి మీదే తగలబెట్టాయి. ఆ నెలలోనే అండమాన్ దీవులు కూడా జపాన్ చేతిలోకి వెళ్లాయి. దాంతో ఆస్ట్రేలియాకి ఇంగ్లండుతో ఉన్న విమానమార్గం నడుమ తెగిపోయింది. మిగిలినవి సముద్రం మీద వారాల తరబడి సాగే ఓడ ప్రయాణం, లేదా పసిఫిక్ దాటి అమెరికా చుట్టూ తిరిగిపోవడం.

ఈ కథలో కొగ్గలకీ మా గోదావరి తీరానికీ ఒక ముడి ఉంది. అది నాకు చాలా ఆలస్యంగా, పుస్తకాల ద్వారా తెలిసింది. 1942 ఏప్రిల్ 4న కొగ్గల సరస్సు మీద నుంచి లేచిన ఒక కాటలీనా విమానం లంకకి దక్షిణంగా గస్తీ తిరుగుతూ జపాన్ నౌకాదళాన్ని చూసింది. నడుపుతున్నది లియొనార్డ్ బర్చల్ అనే కెనడా వైమానికుడు. ఆయన దళం కొగ్గలకి వచ్చి రెండు రోజులే అయింది. వైర్‌లెస్‌లో కబురు పంపుతూండగానే జపాన్ విమానాలు చుట్టుముట్టి కూల్చేశాయి. బర్చల్ బతికి పట్టుబడి యుద్ధం ముగిసేదాకా ఖైదీగా ఉన్నాడు. ఆయన పంపిన కబురు వల్ల కొలంబో మర్నాటి దాడికి కొంతైనా సిద్ధంగా ఉంది. ఆ వారంలోనే జపాన్ నౌకాదళంలోని మరో భాగం బంగాళాఖాతంలో చొరబడి వర్తక నౌకల్ని వేటాడింది. ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, మా కాకినాడ మీద బాంబులు వేశాయి.

మా అమ్మ అప్పటికి పదేళ్లు నిండని పిల్ల. జగన్నాథపురంలో ఉండేవారట. రేవు వైపు పొగ లేవడం, వీధిలో ఎవరో "జపాను వాడొచ్చేశాడు" అని కేకలు పెట్టడం, సాయంత్రానికి మూటలు కట్టుకుని ఎడ్లబండిలో సామర్లకోట వైపు కదలడం ఆవిడకి చివరిదాకా జ్ఞాపకం. "మళ్లీ వస్తామో రామో అని మీ అమ్మమ్మ తులసికోటలో దీపం పెట్టి మరీ బండెక్కిందే" అని చెప్పేది. మా ఇంట్లో యుద్ధమంటే ఆ ఒక్క రోజే. అదే వారం, అదే నౌకాదళం, అదే భయం కొగ్గల నుంచి పెర్త్ దాకా ఆ నీళ్లన్నిటి మీదా పరుచుకుని ఉందని తెలిసినప్పటి నుంచి ఈ దారి నాకు పాఠం దాటి సొంత విషయమైంది.

తెగిన మార్గాన్ని ఎలాగైనా అతకాలని పట్టుబట్టినవాడు హడ్సన్ ఫిష్. క్వాంటాస్‌ని స్థాపించినవాళ్లలో ఒకడు. హిందూ మహాసముద్రాన్ని నేరుగా దాటే దారి కోసం వెతుకులాట అప్పటికే మొదలైంది. 1939లో పి.జి. టేలర్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు 'గూబా' అనే కాటలీనాలో పోర్ట్ హెడ్లండ్ నుంచి బయల్దేరి బటావియా, కోకోస్, డియేగో గార్సియాల మీదుగా మొంబాసా దాకా వెళ్లి, యుద్ధం వస్తే ఈ సముద్రం మీద దారి దొరుకుతుందా అని చూసి వచ్చాడు. ఫిష్‌కి దొరికిందీ కాటలీనాలే. బ్రిటిషు ప్రభుత్వం ఐదిటిని ఇచ్చింది. 1943 మధ్యలో ప్రయాణాలు మొదలయ్యాయి.

ఇక్కడి నుంచి లెక్కలు. ఈ భాగం చెప్పేటప్పుడు బోర్డు నిండిపోయేది.

కాటలీనాకి రెండు ఇంజన్లు, 31 మీటర్లు దాటిన రెక్కలు, కడుపు పడవలా ఉంటుంది. గస్తీ తిరగడానికి చేసిన యుద్ధ విమానం. దాన్ని ఒక్క గెంతులో 5,652 కిలోమీటర్లు పంపాలంటే, ఉన్నవాటిలో పీకేయగలిగినవన్నీ పీకేశారు. తుపాకులు తీసేశారు. కవచపు రేకులు తీసేశారు. రెక్కల మీద మంచు పట్టకుండా ఉంచే పరికరాలు తీసేశారు. ఖాళీ అయిన కడుపులో అదనపు పెట్రోలు ట్యాంకులు బిగించారు. అలా ఒక్కో విమానంలో దాదాపు 9,000 లీటర్లు నింపేవారు. అంటే ఆరున్నర టన్నుల పెట్రోలు. బయల్దేరేటప్పుడు విమానం మొత్తం బరువు 16 టన్నుల చిల్లర. ఎగిరేదాంట్లో ఐదింట రెండు వంతులు దారిలో తగలబెట్టడానికే.

మరి ఇంత చేసి మోసిందెంత? ప్రయాణికులు మహా అయితే ముగ్గురు. ఉత్తరాల సంచులు 69 కిలోలు. ప్రభుత్వ పత్రాలు, సైన్యానికి సంబంధించినవి, సిపాయిల ఉత్తరాలు. ఆ ఉత్తరాల్ని కూడా కాగితాలుగా పంపితే చోటు చాలదని ఫిల్ము మీద చిన్న బొమ్మలుగా తీసి, చుట్టలు పంపి, అవతల మళ్లీ పెద్దవి చేసి పంచేవారు. ఒక కిలో ఉత్తరాలకి సుమారు 94 కిలోల పెట్రోలు. నా దృష్టిలో ఆ దారి అసలు పొడవు ఇదే. కిలోమీటర్లు చెప్పలేని సంగతిని ఈ నిష్పత్తి చెబుతుంది. రెండు చోట్లు ఒకదానికొకటి ఎంత దూరమో తెలియాలంటే, వాటి మధ్య ఒక ఉత్తరం చేరడానికి ఎంత వదులుకున్నారో చూడాలి.

ప్రయాణకాలం సంగతి చూడండి. 27 గంటల్లో చేరితే సగటు వేగం గంటకి 209 కిలోమీటర్లు. 33 గంటలు పడితే 171. విమానం అదే, ఇంజన్లు అవే, నడిపేవాళ్లూ వాళ్లే. నడుమ ఉన్న ఆరు గంటల తేడాలో పెద్ద పాలు గాలిదే. ఎదురుగాలి వీస్తే విమానం వెనక్కి నెట్టబడుతూ ముందుకి పోతుంది. 33 గంటలు పట్టినా పెట్రోలు అయిపోకుండా ఉండాలంటే, రెండు ఇంజన్లూ కలిసి గంటకి 270 లీటర్లకి మించి తాగకూడదు. వేగం పెంచితే ఎక్కువ తాగుతాయి. అందుకని నెమ్మదిగా పోవడమే క్షేమం. తొందరపడితే అసలు చేరరు. ఈ మాట పిల్లలకి చెప్పినప్పుడు కాసేపు నమ్మేవారు కాదు. "నెమ్మదిగా వెళ్తేనేనా అండి చేరేది?" అని ఒకడు లేచి అడిగాడు. బోర్డు మీద లెక్క వాడిచేతే చేయించాను.

పెట్రోలు నిండా ఉన్న మొదటి చాలా గంటలు మరీ ప్రమాదం. ఒక ఇంజను ఆగిపోతే రెండోది ఆ బరువుని మోయలేదు. పెట్రోలు సముద్రంలోకి వదిలేసి తేలికవ్వాలి. వదిలేస్తే అవతలి ఒడ్డు అందదు. ఇక శత్రు విమానాలు ఎదురైతే చేతిలో తుపాకీ లేదు, పరుగెత్తే వేగం లేదు. ఉన్నది చీకటి ఒక్కటే. జపాన్ గస్తీ విమానాలు తిరిగే మేర రాత్రిపూట దాటేట్టు బయల్దేరే వేళని లెక్కగట్టేవారు. వైర్‌లెస్ వినేవారు గానీ మాట్లాడేవారు కాదు. మాట్లాడితే ఎక్కడున్నారో తెలిసిపోతుంది. అంటే స్వాన్ నది మీద నుంచి లేచిన విమానం గురించి, అది కొగ్గల చేరేదాకా ఒక పగలూ ఒక రాత్రీ దాటి ఇంకా ఎవరికీ కబురుండదు. ఆ విమానాలు నడిపిన రసెల్ టాప్ వంటి కెప్టెన్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి. ఇంటి దగ్గర కూర్చుని ఆ గంటలు లెక్కపెట్టినవాళ్ల పేర్లు లేవు. నాకు వాళ్ల గురించే ఎక్కువ తెలుసుకోవాలని ఉంటుంది.

కింద గుర్తులేవీ లేని సముద్రం మీద, మాట్లాడని వైర్‌లెస్‌తో, దారి తెలిసేది నక్షత్రాల వల్ల. నావిగేటరు సెక్స్‌టెంట్ పట్టుకుని నక్షత్రం ఎత్తు కొలిచి, గడియారం చూసి, పట్టికలు తిప్పి, పటం మీద చుక్క పెట్టేవాడు. ఆ ఐదు విమానాలకీ నక్షత్రాల పేర్లే పెట్టారు: అల్టేర్ స్టార్, వేగా స్టార్, రైజెల్ స్టార్, అంటారెస్ స్టార్, స్పైకా స్టార్. వీటిలో నాలుగు మన పంచాంగం వాళ్లకి బాగా తెలిసినవే. శ్రవణం, అభిజిత్తు, జ్యేష్ఠ, చిత్త. మా నాన్నగారు వేసవి రాత్రుళ్లు డాబా మీద పడుకోబెట్టి చిత్తనీ జ్యేష్ఠనీ చూపించేవారు. ముహూర్తాలు చూసుకోవడానికి మనం వాడిన చుక్కలే ఆ కాటలీనాలకి వెలుతురిచ్చే దీపస్తంభాలయ్యాయి.

మొత్తం 271 సార్లు ఆ సముద్రాన్ని దాటారు. ఒక్క ప్రాణం పోలేదు. దాటిన ప్రయాణికులకి 'సీక్రెట్ ఆర్డర్ ఆఫ్ ద డబుల్ సన్‌రైజ్' అని ఒక పత్రం ఇచ్చేవారు. 1944లో లిబరేటర్ విమానాలు వచ్చాయి. అవి నేల మీద దిగేవి, వేగం ఎక్కువ. ఆస్ట్రేలియా తీరంలో ఇంకా ఉత్తరాన ఉన్న లియర్‌మంత్ నుంచి కొలంబో పక్కన రత్మలాన దాకా సుమారు 4,900 కిలోమీటర్లు, దాదాపు 17 గంటల్లో పోయేవి. 1945 జులైలో కాటలీనాల పని అయిపోయింది. అవి బ్రిటన్‌కి అమెరికా అప్పుగా ఇచ్చిన సామాను కాబట్టి, యుద్ధం తర్వాత ఉంచుకోవడానికి వీల్లేదన్నది ఒప్పందం. అంత దూరం నమ్మకంగా మోసిన విమానాల్ని తీసుకెళ్లి సముద్రంలో ముంచేశారు. చాలావరకు పెర్త్ తీరానికి ఆవలే. ఒక్కదాన్నయినా ఉంచి ఉండాల్సిందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మా అబ్బాయి పెర్త్‌లో ఉంటాడు. వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా సాయంత్రాలు క్రాలీ దగ్గర నది ఒడ్డున నడుస్తాను. అక్కడ స్వాన్ నది నదిలా ఉండదు, చెరువులా వెడల్పుగా పరుచుకుంటుంది. ఆ మేరకి మెల్విల్ వాటర్ అని పేరు. నిండు పెట్రోలుతో ఉన్న కాటలీనా నీటిని విడిచి లేవాలంటే చాలా దూరం పరుగెత్తాలి. ఆ వెడల్పు చూస్తే ఈ చోటే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. యుద్ధంలో అమెరికా నౌకాదళపు కాటలీనాలు కూడా ఇక్కడి నుంచే తిరిగాయి. ఇప్పుడు పడవ పందేలు, నల్లహంసలు, పక్కన విశ్వవిద్యాలయం పిల్లలు. 2018 మార్చిలో అదే పెర్త్ నుంచి లండన్‌కి ఆగకుండా విమానం మొదలైంది. 14,499 కిలోమీటర్లు, 17 గంటల చిల్లర, 236 సీట్లు. సిడ్నీ నుంచి లండన్‌కి ఆగకుండా నడపాలనుకున్న పథకానికి క్వాంటాస్ 'ప్రాజెక్ట్ సన్‌రైజ్' అని పేరు పెట్టింది. ఆ పేరు ఎక్కడిదో మా అబ్బాయితో పనిచేసేవాళ్లలో చాలామందికి తెలియదట. నేనే చెప్పి పంపాను.

అవతలి కొసకి కూడా వెళ్లాను. లంక యాత్రకి వెళ్లే మనవాళ్లు ఎక్కువగా కాండీ, నువారా ఎలియా చూసి వస్తారు. గాలే నుంచి మాతర వెళ్లే సముద్రపు రోడ్డులో కాస్త దూరం పోతే కొగ్గల. రోడ్డుకి ఒక పక్క సముద్రం, ఇంకోపక్క కాస్త లోపలికి సరస్సు. చిన్న ఎయిర్‌స్ట్రిప్ ఇప్పటికీ ఉంది. దాని చుట్టుపక్కల ఎగుమతి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు. సరస్సులో చిన్న చిన్న లంకలు, మడ చెట్లు. నేను వెళ్లింది సరస్సు కోసమే గానీ, ఎక్కువసేపు ఉన్నది ఒక ఇంట్లో.

సింహళ రచయిత మార్టిన్ విక్రమసింఘె పుట్టిన ఇల్లది. ఆయన 1890లో ఆ ఊళ్లో పుట్టాడు. కొగ్గలలో విమాన స్థావరం కట్టేటప్పుడు బ్రిటిషు సైన్యం ఊరు మొత్తాన్ని ఖాళీ చేయించింది. ఒక్క రోజు గడువు. ఇళ్లు, కొబ్బరితోటలు, ఎన్నో తరాలుగా చేపలు పట్టుకున్న సరస్సు గట్టు, అన్నీ వదిలి పొమ్మన్నారు. ఇళ్లు కూలగొట్టారు. విక్రమసింఘె పుట్టిన ఇల్లు మాత్రం సైన్యాధికారులు వాడుకోవడం వల్ల నిలిచింది. ఇప్పుడు ఆ ఇల్లూ, దాని పక్కనే జానపద మ్యూజియమూ ఉన్నాయి. నాగళ్లు, చేపల బుట్టలు, కుండలు, బొమ్మలు, ఎడ్లబండ్లు. చాలావరకు మా గోదావరి ఊళ్లలోంచి తెచ్చినట్టే ఉన్నాయి. ఆయన అస్థికలు కూడా ఆ ఆవరణలోనే ఉన్నాయి.

ఒక్క రోజు గడువు అన్నమాట దగ్గర నేను ఆగిపోయాను. మా అమ్మమ్మకీ అంతే దొరికింది, ఒక సాయంత్రం. తేడా ఏమిటంటే మావాళ్లు కొన్నాళ్లకి తిరిగి వచ్చి అదే ఇంటి తాళం తీశారు. కొగ్గల జనానికి తిరిగి రావడానికి ఇళ్లు లేవు. అప్పటి నుంచి ఈ పాఠం చెప్పేటప్పుడు నా లెక్కలో ఒక పద్దు చేర్చాను. ఆరున్నర టన్నుల పెట్రోలు, ముగ్గురు ప్రయాణికులు, 69 కిలోల ఉత్తరాలు రాసిన తర్వాత, కింద "ఒక ఊరు" అని రాసేదాన్ని. పిల్లలు "దాన్ని ఎన్ని కిలోలని వెయ్యమంటారండి?" అని అడిగేవారు. ఆ గడి ఖాళీగా ఉంచమనేదాన్ని. వాళ్ల పుస్తకాల్లో అది అలాగే ఉంది.